అక్క దగ్గు

ఎక్స్‌రే గది తలుపు మూసుకోగానే మాధవీలతకు దగ్గు వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఎంత అణచుకున్నా ఆగలేదు. ముందు గొంతులో సన్నని దురద, ఆ తరువాత రొమ్ము అడుగునుంచి తోసుకొచ్చిన రెండు దగ్గులు, రెండో దాని చివర చిన్న ఈల. పుట్టి బుద్ధెరిగాక తను ఎప్పుడూ ఇలా దగ్గలేదు. ఇది సౌభాగ్య అక్క దగ్గు. అక్క పోయింది, అర్పా నది ఒడ్డున చెయ్యవలసినవన్నీ బావ చేసి వచ్చాడు, అక్క చీరలు ట్రంకు పెట్టెలోకి వెళ్ళిపోయాయి, దగ్గు మాత్రం ఎక్కడికీ పోకుండా ఈ రైల్వే ఆసుపత్రి వరండాలో, ఈ చెక్క బల్ల మీద, తన రొమ్ములో కూర్చుని ఉంది. బల్లకు ఆ చివర కూర్చున్న ముసలాయన తల తిప్పి చూసి, కాస్త పక్కకు జరిగాడు. జరగనీ. తనకు కూడా వీలుంటే తననుంచి అలాగే పక్కకు జరిగి కూర్చోవాలని ఉంది. అంతలో మూసిన తలుపు అవతలనుంచి అక్క కూతురు, పాప హరిప్రియ దగ్గింది. రెండుసార్లు.

మొన్న మొదలైంది అది. తను వంటింట్లో పోపు పెడుతోంది, ఇంగువ ఘాటుకు దగ్గు వచ్చింది, ముందు గదిలోంచి హరిప్రియ దగ్గింది. ప్రతిధ్వనేమో అనుకుంది ముందు. ఇల్లు ఖాళీ అయిపోతే గోడలు అలాగే చేస్తాయి కదా. మళ్ళీ దగ్గితే మళ్ళీ. అదే రెండు, మధ్యలో అంతే ఎడం. పరుగెత్తి వెళ్ళి నుదురు ముట్టుకుంటే చల్లగా ఉంది. అయిదేళ్ళ పిల్ల, బొమ్మకు జడ వేస్తూ కళ్ళెత్తి చూసింది. నిన్నంతా నుదురు చూస్తూనే ఉంది, పెదవులు చూస్తూనే ఉంది. పెదవుల రంగు చూడటం తనకిప్పుడు బాగా తెలుసు. మనిషి ముఖంలో అన్నిటికన్నా ముందు పెదవులే చెబుతాయని, గులాబీ రంగు సీసపు రంగులోకి మారడానికి ఒక కప్పు టీ చల్లారేంత సేపు కూడా పట్టదని తెలుసు. అందుకే ఇవాళ గిరిబాబు బావ డ్యూటీకి వెళ్ళేదాకా ఆగి, ఆయనకు చెప్పకుండా పిల్లను రిక్షా ఎక్కించుకు వచ్చేసింది. బావ గూడ్సు గార్డు. ఇంటికి వచ్చినప్పుడు బూట్లు కూడా విప్పకుండా గుమ్మంలో నిలబడి లోపలి గదివైపు చూస్తాడు. ఆయనకు పాప కూడా దగ్గుతోందని ఎలా చెబుతుంది?

లోపలి గది. కోర్బానుంచి తను వచ్చిన పొద్దున అక్క ఆ గదిలోనే మంచం మీద కూర్చుని తల దువ్వుకుంటోంది. సంక్రాంతి వెళ్ళాక పడిన మంచు ఇంకా వదల్లేదు, పాసింజరు నత్తలా నడిచింది, దారి పొడుగునా ఏమైపోయిందోనని తను కుమిలిపోతూ వస్తే అక్క నవ్వింది. "నీకేటి పన్లేదేటే? జొరమే కదా. మీ బావకి వచ్చింది, తుమ్మేడు, తగ్గిపోనాది. నాకూ అంతే. అక్కడ మీ ఆయనకి వంటెవరు చేస్తున్నారు?" పాపను లోపలికి రానివ్వడంలేదు, అంటుకుంటుందని. నువ్వూ రావద్దంది. తను విననేలేదు. అక్క తాగి సగం వదిలేసిన టీ గ్లాసు చిన్నప్పటి అలవాటుకొద్దీ అందుకుని తాగేసింది. అక్క తాగిన చోటే పెదవి పెట్టి తాగింది కూడా. ఇప్పటికీ రోజూ ఆ గ్లాసులోనే తాగుతుంది, ఎందుకో తెలియదు. మూడోనాటికి తనకూ వచ్చేసింది. ముందు గదిలో మడత మంచం మీద తను, లోపల అక్క, తలుపు మూసి. జ్వరంలో పైకప్పు దిగి వచ్చి మళ్ళీ పైకి పోయేది. స్టేషను యార్డులోంచి బండ్లు గుద్దుకునే చప్పుడు ఎముకల్లోకి దిగేది. అక్క దగ్గు, తన దగ్గు, పాప దగ్గు కూడా వినిపించినట్టుండేది, అయ్యో దీనికీ వచ్చిందా అనుకుంటూనే నిద్రలోకి జారిపోయేది. ఏది ఎవరిదో తెలియని ఒకే దగ్గు ఇల్లంతా తిరుగుతున్నట్టుండేది.

తలుపు తీసింది తనే. దాహం వేసి లేచి, అక్కకు కూడా నీళ్ళిద్దామని వెళ్ళింది. అక్క గోడకు చేరబడి కూర్చుని ఉంది, భుజాలు రెండూ ఊపిరితోపాటు పైకి లేస్తున్నాయి, పెదవులు ఆ రంగులో ఉన్నాయి. బావ కట్నీ లైనులో ఉన్నాడు, ఆయన బండిని కర్గీ రోడ్డు స్టేషనులో పక్కనున్న లూపు లైనులోకి మళ్ళించి ఆపేశారని తరువాత తెలిసింది. అక్కడ ఆయన బండి చివరి బ్రేకు వ్యానులో కూర్చుని పచ్చ సిగ్నలు కోసం చూస్తున్న వేళకి, ఇక్కడ పక్క క్వార్టరు బంగార్రాజుగారు రిక్షా తెచ్చారు, ఆయన భార్య పాపను ఎత్తుకుని వాళ్ళింటికి తీసుకుపోయింది, ఒళ్ళు కాలిపోతున్న తను, ఒళ్ళు కాలిపోతున్న అక్క తలను ఒడిలో పెట్టుకుంది. ఇక్కడే, ఈ వరండాలోంచే తీసుకెళ్ళారు. ఈ బల్ల మీదే తను కూర్చుంది. ముక్కు మీద ఆక్సిజన్ మాస్కు పెడితే అక్క లాగి పారేసింది. మళ్ళీ పెడితే మళ్ళీ. సౌభాగ్య అక్క, ఎప్పుడూ ఎవరినీ ఒక మాట అనని అక్క, తన కొత్త పట్టు లంగాని చెల్లెలు బొగ్గుల ఇస్త్రీపెట్టెతో చెయ్యంత మేర కాల్చేస్తే "పర్లేదులే, లోపలికి మడిచి కుట్టుకుంటాను" అన్న అక్క, మాస్కు పెట్టబోయిన తన చెంప మీద కొట్టింది. కళ్ళల్లో తను ఎవరో తెలియని చూపు. గాలి చాలక అలా చేస్తారమ్మా అంది నర్సు. చేతులు పట్టుకోండి అంది. పట్టుకుంది. రెండు రోజులు అక్క చేతులు పట్టుకుంది. ఆ చేతుల బలం తగ్గిపోతూ ఉంటే మాట వింటోందని సంతోషించింది కూడా. అక్క ఊపిరి ఆగిన పూటే తన జ్వరం దిగింది. చెమటతో జాకెట్టు తడిసిపోయింది, ఆకలి వేసింది. ఎవరికీ చెప్పలేదు ఆ సంగతి. అందరూ ఏడుస్తుంటే తనకు ఆకలి వేసింది.

తలుపు తెరుచుకుంది. హరిప్రియ గౌను సర్దుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది. ఫిలిం తడిగానే ఉంది, దాని అంచు పట్టుకుని డాక్టరు కామేశ్వరరావుగారి గదిలోకి వెళ్ళారు ఇద్దరూ. బొబ్బిలి దగ్గర ఏదో ఊరాయన. అక్కను చూసినది కూడా ఆయనే. గోడకున్న లైటు పెట్టె మీద ఫిలిం తగిలించి ఆయన వెనక్కు జరిగే వరకు మాధవీలత నేలనే చూస్తూ ఉంది. అక్క ఫిలిం ఇదే పెట్టె మీద చూసింది. పక్కటెముకలు కూడా కనబడకుండా తెల్లగా, ఆ పాసింజరు కిటికీలోంచి చూసిన మంచులా.

"చూడండమ్మా, భయపడకండి. నలుపంటే గాలి. ఎంత నల్లగా ఉందో చూడండి" అన్నాడాయన.

తలెత్తింది. చిన్న చిన్న పక్కటెముకలు, వాటి వెనక చక్కటి నలుపు. అంత అందమైన నలుపును ఆమె ఎప్పుడూ చూడలేదు. గొంతు చూశాడు, వీపు మీద స్టెత్ పెట్టి విన్నాడు, పాప చేత ఊపిరి పీల్పించాడు. "జలుబు కూడా లేదు ఈ పిల్లకి. మరెందుకు దగ్గుతోందో మీరే కనుక్కోండి." ఇక లేచి వెళ్ళవచ్చు. లేవలేకపోయింది. పాపను బయట ఆయా దగ్గర కూర్చోమని పంపి, ఇన్నాళ్ళూ నాలుక మీద ఉన్నది అడిగేసింది.

"డాక్టరుగారూ, ఏటీ అనుకోకండి. ఒకే ఇల్లు, ఒకే జొరం. ఆవిడ తాగిన గ్లాసులోనే నేనూ తాగేను. నేను లేచి తిరుగుతున్నాను. అక్కకేటయింది మరి?"

ఆయన పెట్టెలో లైటు ఆర్పాడు. "వైరసనేది తనంతట తను బతకలేదమ్మా. మన ముక్కులో, గొంతులో, ఊపిరితిత్తుల్లో కణాలుంటాయి కదా, వాటి పైన సన్నని నూగులాగా చక్కెర పదార్థాలుంటాయి. అవి మనవే. మన ఒంటి పనికోసమే ఉన్నాయి. ఇది వచ్చి వాటిని పట్టుకుంటుంది. పట్టుకుంటే, తనకు కావలసినదేదో వచ్చిందనుకుని ఆ కణమే దాన్ని లోపలికి తీసుకుంటుంది. ఆ నూగునే రిసెప్టర్ అంటాం."

"అవి అక్కకి ఎక్కువున్నాయా?"

"మీకూ ఉన్నాయి, నాకూ ఉన్నాయి. లోపలికి వెళ్ళి ఆ కణం చేతే తనలాంటివాటిని వేలకు వేలు చేయించుకుంటుంది. బయటికి వచ్చేటప్పుడు ఆ కణం పైపొరనే ఇంత తుంచి ఒంటికి కప్పుకుని వస్తుంది. ఆ తరువాత కణం చచ్చిపోతుంది. అప్పటికి ఒళ్ళు మేలుకుంటుంది. తెల్ల కణాలు పరిగెత్తుకొస్తాయి, రక్తనాళాలు వదులవుతాయి, నీరు ఊరుతుంది, వాపొస్తుంది. అదంతా మన రక్షణకే. పని అయ్యాక ఆ వాపు తియ్యాలి. మీకు తీసింది. ఆవిడకి ఆగలేదు. గాలి ఉండవలసిన చోట నీరు నిండిపోయింది. నన్నడిగితే, ఆఖరి రోజుకి ఆవిడ ఒంట్లో వైరస్ దాదాపు లేకపోయి కూడా ఉండొచ్చు. ఒళ్ళు మాత్రం కొట్లాడుతూనే ఉంది."

"ఎవరితో?"

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "తనతోనేనమ్మా."

"ఎందుకలాగ?"

"తెలీదు. ఎవరిలో ఆగుతుందో, ఎవరిలో ఆగదో ఇంకా ఎవరికీ సరిగ్గా తెలీదు. తెలుసని మీతో అబద్ధం చెప్పలేను." ఆమె దగ్గింది అప్పుడే. ఆయన చెవి ఒగ్గి విని, మీ దగ్గు ఇంకో రెండు మూడు వారాలు ఉంటుందన్నాడు. గాలి గొట్టాల లోపలి పొర ఊడిపోయి ఉంటుంది, కొత్తది మొలవాలి, అందాకా చల్లగాలి తగిలినా దగ్గే. ఆ ఈల వాపు వల్ల, పోతుంది. అచ్చం అక్క దగ్గులా ఉంటుందండీ అని ఆమె అంటే, అక్కచెల్లెళ్ళు కదా, గొంతులు, గొట్టాలు ఒక్కలాగే ఉంటాయి, దాన్లో వింతేమీ లేదన్నాడు. పోతుంది అన్న మాటకు సంతోషించాలి. లేచి నమస్కారం పెట్టి బయటికి వచ్చింది.

వరండా పొడుగునా నడుస్తోంది, చేతిలో పాప చెయ్యి ఉంది. తుంచి కప్పుకుని వస్తుంది. అంటే ఆ వైరస్ అక్క రొమ్ములో పుట్టింది. అక్క పొరను ఒంటికి చుట్టుకుంది. అక్క ఊపిరితోనో, అక్క పెదవి తాకిన ఆ గ్లాసుతోనో బయలుదేరి తన దగ్గరికి వచ్చింది. అక్క చీర కట్టుకుని ఎవరో సందు మలుపులో కనబడితే అక్కే అనుకుని తలుపు తీసినట్టు, తన ఒళ్ళు దాన్ని అయినవాళ్ళే అనుకుని లోపలికి తీసుకుంది. ఎలా తెలుస్తుంది దానికి? తనకే తెలియదే. ఆ తరువాత పోల్చుకుని, పట్టుకుని, చంపింది. అక్క పొర కప్పుకుని వచ్చినవాటినన్నిటినీ ఒకటి మిగలకుండా చంపి తన ఒళ్ళు ఒక సాయంత్రం చెమట పట్టి, ఆకలి వేసి, బతికింది. అక్క ఒళ్ళు చంపడం ఆపలేకపోయింది. ఎవరినీ ఒక మాట అనని మనిషి. అత్తగారు నలుగురిలో కంచం తోసేస్తే వంగి అన్నం మెతుకులు ఏరిన మనిషి. ఇన్నేళ్ళూ మడిచి లోపలికి కుట్టుకున్నదంతా అక్కడ, ఊపిరితిత్తుల్లో, ఒక్కసారిగా కుట్లు విప్పుకుందా? కాదు, అలా కాదు, డాక్టరుగారు అలా చెప్పలేదు, తెల్ల కణాలకు అత్తగార్లూ లంగాలూ ఏమి తెలుసు. తెలియదని చెప్పాడు. ఆ తెలియదు అన్నదాన్ని ఎక్కడ పెట్టుకోవాలి? కోపమైతే బాగుండేది. ఎవరి మీదో తెలిసేది. ఆ చెంపదెబ్బ తన మీదే పడింది కాబట్టి అది తనదేనని దాచుకునేది. ఇంకో రెండు వారాలకు కొత్త పొర మొలుస్తుంది, అది పూర్తిగా తనదే, దాని మీద అక్క చెయ్యి పడి ఉండదు. అప్పుడు ఇంట్లో ఎవరు దగ్గుతారు?

ఆసుపత్రి మెట్ల దగ్గర గంపలో జామకాయలు పెట్టుకుని ఒక ఆవిడ కూర్చుంది. "పిన్నీ, బిహీ కొను" అంది హరిప్రియ. ఇక్కడ పుట్టిన పిల్లలకు జామకాయ అన్న మాట రాదు. కొనిచ్చింది. మెట్టు మీద కూర్చున్నారు. ఫిబ్రవరి ఎండ వీపుకు హాయిగా ఉంది. వేపచెట్టు కిందనుంచి గాలి వచ్చి గొంతుకు తగిలింది, దగ్గు వచ్చింది, రెండు, చివర ఈల. జామకాయ కొరకబోతున్న పిల్ల ఆగింది. కాయ కిందికి దించి, వీపు నిటారుగా పెట్టి, రెండుసార్లు దగ్గింది. మళ్ళీ కొరికింది.

మాధవీలత ఆ నోటివైపే చూస్తూ ఉండిపోయింది. "గొంతు నొప్పేటే?"

"ఊహూ."

"మరెందుకు దగ్గేవు?"

"నువ్వు దగ్గేవు కదా."

"నేను దగ్గితే?"

"నేను కూడా దగ్గాలి కదా." ఇంత చిన్న విషయం తెలియదా అన్నట్టు చూసింది. "అమ్మ చెప్పింది. గదిలోకి రావద్దంది కదా, నేను రోతే రోతే, ఏడ్చుకుంటూ తలుపు కొట్టేను. అప్పుడు అమ్మ లోపల్నుంచి చెప్పింది. నేను దగ్గుతాను, నువ్వు కూడా దగ్గు, నువ్వున్నావని నాకు తెలుస్తాది, నేనున్నానని నీకు తెలుస్తాది అంది. మేం రోజూ ఆడేం. నువ్వు పడుకున్నావు కదా, నీకు తెలీదు."

అయితే జ్వరంలో విన్నది అదే. ఏది ఎవరిదో తెలియని ఆ దగ్గు. మూసిన తలుపుకు అటూ ఇటూ తల్లీ పిల్లా మాట్లాడుకుంటూంటే తను మధ్యలో పడుకుని పైకప్పును చూస్తూ ఉంది.

"మరి బంగార్రాజు తాతగారింటి నుంచి వచ్చేను కదా" పాప కాయలోంచి ఒక గింజ తీసి చూసి పారేసింది. "గది తలుపు వేసి ఉంది. దగ్గేను. అమ్మ దగ్గలేదు. చాలాసార్లు దగ్గేను."

ఆ పూట పెద్దవాళ్ళంతా ఇక్కడ ఉన్నారు. ఖాళీ గది ముందు ఆ పిల్ల ఎంతసేపు నిలబడిందో ఎవరూ చూడలేదు. మాధవీలత అడిగింది. "నేను దగ్గుతుంటే అమ్మనుకున్నావేటి, తల్లీ?"

"ఛీ, నువ్వు పిన్నివి కదా. అమ్మ చచ్చిపోయింది." జామకాయ రసం మోచేతిదాకా కారుతోంది, గౌనుకు తుడుచుకుంది. "నువ్వున్నావా లేదా అని."

ఏదో అనాలి. నేనున్నాను అనాలి. ఆ మాట అనడానికి ఏ ఒంటి మీద నమ్మకంతో అంటుంది? అక్క కూడా అందంగా నవ్వి, జొరమే కదా అంది. పిల్ల కొరకడం మానేసి, మెడ కాస్త పక్కకు వంచి, ముఖంలోకి చూస్తోంది. దగ్గుదామనుకుంది మాధవీలత, రాలేదు. అక్కర్లేని చోటల్లా వచ్చేది ఇప్పుడు రాలేదు. గాలి పీల్చి, పొట్ట బిగించి, తనే తెచ్చుకుని దగ్గింది. రెండుసార్లు. ఈల రాలేదు. పాప దానికేమీ అభ్యంతరం చెప్పలేదు, జవాబుగా తనవి రెండు దగ్గి, మిగిలిన కాయ నోట్లో కుక్కుకుంది.

సాయంత్రం గిరిబాబు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆసుపత్రికి వెళ్ళారట కదా, ఏటన్నారు అని అడిగాడు, పక్కింటివాళ్ళు చెప్పినట్టున్నారు. "ఏటీ లేదు బావా. పాప బాగుంది, ఫొటో తీసేరు, నల్లగా ఉంది" అంది. నల్లగా ఉండటం మంచిదేనని కూడా చెప్పింది. ఆయన గోడ పట్టుకుని బూట్లు విప్పాడు. వేసవి సెలవులదాకా పిల్లను నాతో కోర్బా తీసుకువెళ్తానంటే, బూట్లు గోడవారగా పెడుతూ, "అచ్ఛా" అన్నాడు. ఆ తరువాత, "ఇల్లు మరీ నిశ్శబ్దమైపోతాది మాధవీ" అన్నాడు. అయినా పంపాడు.

హోలీ నాటికి మాధవీలత దగ్గు పూర్తిగా తగ్గిపోయింది, ఆ ఈలతో సహా. తగ్గిన తరువాత కూడా ఆమె దగ్గుతూనే ఉంది. వంటింట్లోంచి, పెరట్లో బట్టలు ఆరేస్తూ, స్నానాల గదిలోంచి, రెండేసి. పక్క గదిలోంచి జవాబు వచ్చేదాకా చేతిలో పని ఆపేసి నిలబడేది. భర్త శంకరరావు మందేమైనా పుచ్చుకోరాదా అని విసుక్కునేవాడు. తను ఎవరి దగ్గు దగ్గుతోందో, ఎవరికి జవాబు వస్తోందో ఆలోచిస్తే వీపు మీద చల్లగా పాకేది, అయినా మానలేదు. ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం బియ్యం కడుగుతూ దగ్గింది. జవాబు రాలేదు. మళ్ళీ దగ్గింది. లేదు. తడి చేతులతోనే గది గదికీ పరుగెత్తింది, మంచం కింద చూసింది, వీధి తలుపు తెరిచి ఉంటే గడపలోకి వచ్చింది. ఎదురుగా క్వార్టర్ల మధ్య ఖాళీ జాగాలో హరిప్రియ పక్కింటి పిల్లలతో తాడాట ఆడుతోంది. జడ ఎగురుతోంది, ముఖం ఎర్రగా కందిపోయింది, నోరు తెరుచుకుని ఊపిరి గట్టిగా పీలుస్తూ వదులుతూ హిందీలో లెక్కపెడుతోంది. పిన్నివైపు చూడనే లేదు. మాధవీలత మూడోసారి దగ్గబోయి, ఆగిపోయింది. నోరు మూసుకుని లోపలికి నడిచింది. ఇన్నాళ్ళూ ఏడుద్దామంటే దగ్గు అడ్డం వచ్చేది. ఇప్పుడేదీ అడ్డం రాలేదు. కడిగిన బియ్యం ముందు చతికిలబడి, అక్కా అని పిలిచి, అక్క పోయాక మొదటిసారి గొంతెత్తి ఏడ్చింది. బయట తాడు నేలను కొడుతున్న చప్పుడు ఆగలేదు.